గోడ మూసేలోపే చూడాలి

2009లో ఆర్థిక మాంద్యం నుంచి గట్టెక్కడానికి అమెరికా ఒక భారీ ఉద్దీపన చట్టం చేసుకుంది. రాష్ట్రాలకు ఇంధన పథకాల కింద అదనపు నిధులు కావాలంటే అవి భవనాల ఇంధన కోడ్‌ను తెచ్చుకోవాలని ఆ చట్టం 410వ సెక్షన్ షరతు పెట్టింది. ఎనిమిదేళ్లలో, కొత్తగా కట్టే, మార్పులు చేసే భవనాల విస్తీర్ణంలో కనీసం 90 శాతం ఆ కోడ్‌కు లోబడేలా ప్రణాళిక వేసుకోవాలని కూడా చెప్పింది. గవర్నర్లు హామీ పత్రాలు రాసిచ్చారు. నిధులు విడుదలయ్యాయి. గడువు 2017.

తీరా లెక్క తీయబోతే చిక్కు ఎదురైంది. ఒక ఇల్లు కోడ్ పాటించిందని దేన్ని బట్టి చెప్పాలి? కోడ్‌లో పదుల కొద్దీ నిబంధనలున్నాయి. అన్నీ పాటించి ఒక్కటి తప్పితే ఆ ఇల్లు ఫెయిలైనట్టా? నాలుగు బల్బులు పాత రకంవి బిగించిన ఇల్లు, అటకలో ఏసీ గాలి వెళ్లే డక్టుల కీళ్లు వదులై చల్లగాలంతా పైకప్పు కిందే కారిపోతున్న ఇల్లు, రెండిటిదీ ఒకే తప్పు అవుతుందా? నిబంధనలకు మార్కులు వేసి కూడితే రాష్ట్రానికి ఓ శాతం వస్తుంది. ఆ శాతం వల్ల కరెంటు ఎంత ఆదా అయిందో మాత్రం తెలియదు.

ఆ చిక్కు విప్పిన పద్ధతిని పరిచయం చేయడానికే ఈ వ్యాసం. 2014లో అమెరికా ఇంధన శాఖ ఇళ్ల ఇంధన కోడ్ మీద ఒక క్షేత్ర అధ్యయనం మొదలుపెట్టింది. దాని పద్ధతిని తీర్చిదిద్దింది వాషింగ్టన్ రాష్ట్రం రిచ్‌లాండ్‌లోని పసిఫిక్ నార్త్‌వెస్ట్ నేషనల్ లాబొరేటరీ. తొలి విడతలో ఎనిమిది రాష్ట్రాలు చేరాయి: అలబామా, ఆర్కన్సా, జార్జియా, కెంటకీ, మేరీలాండ్, నార్త్ కరోలినా, పెన్సిల్వేనియా, టెక్సాస్. వీటిలో టెక్సాస్, జార్జియా, నార్త్ కరోలినాల్లో మన తెలుగువాళ్లు వేల సంఖ్యలో సొంత ఇళ్లు కొనుక్కుని ఉంటున్నారు. అట్లాంటా, డాలస్, షార్లెట్ శివార్లలో మన బంధువులు కొనుక్కుంటున్న కొత్త ఇళ్లలాంటి వాటినే ఈ అధ్యయనం చూసింది. ప్రభుత్వ పనిని ఎంత నేర్పుగా, ఎంత నిజాయితీగా చేయవచ్చో చూపే ఉదాహరణల్లో దీన్ని నేను ముందు వరసలో పెడతాను. ఆ మాట ఎందుకు అంటున్నానో చెప్పాలంటే పద్ధతిని విడదీసి చూపాలి.

ముందు అక్కడి ఏర్పాటు తెలియాలి. 1973 చమురు సంక్షోభం తర్వాత భవనాల ఇంధన నిబంధనలకు ఊపు వచ్చింది. 1978లోనే కాలిఫోర్నియా తన టైటిల్ 24 నిబంధనలు అమల్లోకి తెచ్చింది. ఇప్పుడు ఇంటర్నేషనల్ కోడ్ కౌన్సిల్ మూడేళ్లకోసారి ఒక నమూనా కోడ్ అచ్చువేస్తుంది. రాష్ట్రాలు దాన్ని ఉన్నదున్నట్టుగానో, మార్పులతోనో తీసుకుంటాయి. అమలు చేయాల్సింది మాత్రం నగరం, కౌంటీ స్థాయి ఇన్‌స్పెక్టర్లు. పునాది, కరెంటు వైరింగ్, అగ్నిప్రమాద జాగ్రత్తలు, గ్యాసు పైపులు చూసుకునేసరికే ఆ ఇన్‌స్పెక్టరు రోజు గడిచిపోతుంది. అవి తప్పితే ప్రాణాలు పోతాయి. ఇంధన నిబంధన తప్పితే ఎవరికీ ఏమీ కాదు. ఆ ఇంటివాళ్లు ముప్పై, నలభై ఏళ్లపాటు నెలనెలా కాస్త ఎక్కువ బిల్లు కడతారు, అంతే. ప్రాణాల మీదికి రాని తప్పు కాబట్టే ఇది ఎవరి పట్టింపులోకీ రాకుండా పోతుంది.

నిజానికి అది కంటికి కూడా కనబడదు. అమెరికాలో ఎక్కువ ఇళ్లకు చెక్క చట్రమే అస్థిపంజరం. 16 అంగుళాలకో నిలువు చెక్క పాతుతారు. వాటి మధ్య సందుల్లో వేడిని అడ్డుకునే ఇన్సులేషన్‌గా గులాబీ రంగు, పసుపు రంగు ఫైబర్ గ్లాస్ దుప్పట్లు పెడతారు. ఆపైన జిప్సం బోర్డులు కొట్టి, రంగులు వేసేస్తారు. దుప్పటి సరిగా పెట్టారో లేదో చూడాలంటే అది పెట్టిన తర్వాత, బోర్డు కొట్టకముందు చూడాలి. ఆ వ్యవధి కొద్ది రోజులే. గోడ మూశాక ఆ ఇల్లు కూలగొట్టేదాకా లోపలి సంగతి ఎవరికీ తెలియదు.

ఈ పరిస్థితిలో పద్ధతి తయారు చేసినవాళ్లు తీసుకున్న మొదటి నిర్ణయం అన్నీ చూడకపోవడం. కోడ్‌లోని పదుల నిబంధనల్లోంచి ఇంధనం ఖర్చును నేరుగా ఎక్కువగా మార్చే ఎనిమిదింటిని ఎంచుకున్నారు. బయటి గోడల ఇన్సులేషన్, పైకప్పు ఇన్సులేషన్, పునాది లేదా నేల ఇన్సులేషన్, కిటికీలోంచి వేడి ప్రవహించే రేటు, కిటికీ అద్దంలోంచి లోపలికి వచ్చే ఎండ వేడి, తక్కువ కరెంటు తాగే బల్బుల శాతం, ఇంటి మొత్తం గాలి బిగువు, డక్టుల గాలి బిగువు. మిగతావి అవకాశముంటే నమోదు చేస్తారు, కానీ తీర్పు ఈ ఎనిమిదింటి మీదే. ఏది వదిలేయాలో తెలిసినవాడే పనివాడు. ఈ ఎంపికలో నాకు ఆ నేర్పు కనిపిస్తుంది.

రెండో నిర్ణయం ఇంకా సూక్ష్మమైనది. ఏ ఇంటికైనా ఒక్కసారే వెళ్లాలి. పునాది దశలో ఒకసారి, ఇన్సులేషన్ దశలో ఒకసారి, పూర్తయ్యాక ఒకసారి వెళ్తే ఒక ఇంటి జాతకమంతా దొరుకుతుంది కదా అనిపిస్తుంది. కానీ మళ్లీ వస్తారని తెలిస్తే బిల్డరు జాగ్రత్తపడతాడు. అప్పుడు మనం కొలిచేది మామూలు పనిని కాదు, చూస్తున్నారని చేసిన పనిని. అందుకే ఒక్క సందర్శన. ఆ రోజు ఇల్లు ఏ దశలో ఉంటే ఆ దశలో కనబడేవి మాత్రమే రాసుకుని వచ్చేస్తారు. గోడ తెరిచి ఉంటే దుప్పటి చూస్తారు. ఇల్లు పూర్తయి ఉంటే గాలి పరీక్ష చేస్తారు. దీనివల్ల ఎక్కువ ఇళ్లు తిరగాలి, శ్రమ పెరుగుతుంది. అయినా నిజం కోసం ఆ శ్రమకు ఒప్పుకున్నారు.

మూడోది బిల్డరు పేరు రాయకపోవడం. వెళ్లేవాళ్లు ఇన్‌స్పెక్టర్లు కారు. తప్పు కనబడితే నోటీసు లేదు, జరిమానా లేదు. అనుమతి ఇస్తేనే వెళ్తారు. ఎవరి ఇల్లో, ఎవరు కట్టారో తెలియకుండా సమాచారాన్ని అందరికీ అందుబాటులో పెడతారు. పట్టుకోవడానికి కాక తెలుసుకోవడానికి వచ్చారన్న నమ్మకం కుదిరితేనే ఎవరైనా తలుపు తీస్తారు. అధ్యయనం మొదలయ్యే ముందే ప్రతి రాష్ట్రంలోనూ స్థానిక అధికారులను, బిల్డర్ల సంఘాలను కూర్చోబెట్టి ఏ ఊళ్లలో ఎన్ని ఇళ్లు చూడబోతున్నారో చూపించి, అభిప్రాయాలు తీసుకున్నారు.

ఇక సంఖ్య. ప్రతి అంశానికీ రాష్ట్రం మొత్తం మీద కనీసం 63 పరిశీలనలు ఉండాలి. ఈ 63 ఎవరికో తోచిన అంకె కాదు. ఒకసారి కొలిచి, లోపాలున్నచోట శిక్షణ ఇచ్చి, మళ్లీ కొలవాలన్నది పథకం. ఆ శిక్షణకు ముందూ తర్వాతా రాష్ట్ర సగటు ఇంధన వాడకంలో చదరపు అడుగుకు ఏడాదికి 1.25 వేల బీటీయూల తేడా వచ్చినా, దాన్ని 95 శాతం నమ్మకంతో పట్టుకోగలిగేలా లెక్కగట్టి తేల్చిన కనీస సంఖ్య అది. మన భాషలో చెప్పాలంటే చదరపు అడుగుకు యూనిట్‌లో మూడో వంతుకు కాస్త ఎక్కువ కరెంటు. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటాం. ఆ మాట నిజమవ్వాలంటే ముందు గిన్నెను అడుగునుంచి కలిపి ఉండాలి. ఇక్కడ ఆ కలపడం కూడా పద్ధతిగా చేశారు. ఏ ప్రాంతంలో ఎన్ని కొత్త ఇళ్లు లేస్తున్నాయో జనగణన శాఖ పర్మిట్ల లెక్కల్లోంచి తీసుకుని, ఆ నిష్పత్తిలోనే ఊళ్లను యాదృచ్ఛికంగా ఎంచుకున్నారు. పెద్ద నగరాల మంచి బిల్డర్ల దగ్గరకే వెళ్లి రాష్ట్రమంతా బాగుందనే వీలు లేదు.

ఇప్పుడు ఆ ఇంట్లోకి వెళ్దాం. పూర్తయిన ఇంటికి గాలి బిగువు పరీక్ష ఇలా చేస్తారు. వీధి తలుపు తెరిచి, ఆ చట్రంలో గుడ్డ తెర బిగించి, అందులో కొలతలు సరిచూసిన ఒక ఫ్యాను అమరుస్తారు. కిటికీలు, మిగతా తలుపులు మూసేస్తారు. ఫ్యాను లోపలి గాలిని బయటకు లాగుతుంది. లోపలికీ బయటకీ 50 పాస్కల్స్ ఒత్తిడి తేడా వచ్చేదాకా వేగం పెంచుతారు. 50 పాస్కల్స్ అంటే ఐదు మిల్లీమీటర్ల లోతు నీళ్లు కలిగించే ఒత్తిడి, చాలా స్వల్పం. ఆ తేడాను నిలబెట్టడానికి ఫ్యాను ఎంత గాలి లాగాల్సి వస్తోందో అంత గాలి ఇంటి సందుల్లోంచి లోపలికి వస్తున్నట్టు. ఆ సమయంలో స్విచ్ బోర్డు దగ్గరో, సింకు కింద పైపు గోడలోకి వెళ్లేచోటో చెయ్యి పెడితే గాలి చేతికి తగులుతుంది.

లెక్క కూడా సులువే. 2,000 చదరపు అడుగుల ఇల్లు, ఎనిమిది అడుగుల ఎత్తు అనుకుంటే లోపలి గాలి 16,000 ఘనపుటడుగులు. 2009 నమూనా కోడ్ ప్రకారం పరీక్ష చేస్తే గంటకు ఏడుసార్లు మించి ఆ గాలి మారకూడదు. అంటే ఫ్యాను నిమిషానికి 1,867 ఘనపుటడుగులు దాటి లాగాల్సిన పని రాకూడదు. 2012 కోడ్ చాలా రాష్ట్రాలకు దీన్ని మూడుసార్లకు తగ్గించింది. అప్పుడు హద్దు నిమిషానికి 800 ఘనపుటడుగులు. బిగువుగా కట్టారా లేదా అన్నది ఇక్కడ అభిప్రాయం కాదు, మీటరు మీద అంకె.

గోడ తెరిచి ఉన్న ఇంట్లో చూపు ఇంకో రకంగా పనిచేస్తుంది. దుప్పటి మీద ఆర్-13 అని, వేడిని ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె అచ్చు ఉంటుంది. కోడ్ అడిగింది అదే. కాగితం మీద పాసైనట్టే. కానీ పరిశీలకుడు అక్కడ ఆగడు. సందు మధ్యలోంచి కరెంటు వైరు వెళ్తుంటే దుప్పటిని అడ్డంగా చీల్చి సగం వైరు వెనక్కి, సగం ముందుకి పెట్టారా, లేక మొత్తాన్ని వైరు మీదనే కుక్కేశారా? కుక్కేస్తే వెనక ఖాళీ మిగులుతుంది, ముందు నలిగిపోతుంది. స్విచ్ డబ్బా చుట్టూ దుప్పటిని ఆ ఆకారంలో కోశారా, వెనక్కి తోసేశారా? పై మూలల్లో వేలు పట్టేంత ఖాళీ ఉందా? వీటికి అక్కడ మూడు గ్రేడ్లున్నాయి. సందు నిండా, నలగకుండా, దాదాపు ఖాళీ లేకుండా పెట్టింది మొదటి గ్రేడు. రెండు శాతం దాకా ఖాళీ ఉంటే రెండోది. ఐదు శాతం దాకా ఉంటే మూడోది. పదార్థం అదే, ధర అదే. చేయి తేడా, అంతే.

ఒక్కసారే వెళ్లాలన్న నియమం వల్ల ఏ ఇంటికీ ఎనిమిది అంశాలూ పూర్తిగా దొరకవు. మరి రాష్ట్రం మొత్తం ఎంత ఇంధనం వాడుతోందో ఎలా తెలుస్తుంది? ఒక్కో అంశానికి క్షేత్రంలో దొరికిన విలువల్లోంచి యాదృచ్ఛికంగా ఒక్కోటి తీసి, వాటితో కంప్యూటర్‌లో ఒక ఊహా గృహాన్ని కడతారు. అలా ఒక్కో రాష్ట్రానికి 1,500 ఊహా గృహాలు. ప్రతిదాన్నీ ఇంధన శాఖ వాళ్ల ఎనర్జీప్లస్ సాఫ్ట్‌వేర్‌లో ఏడాదంతా నడిపి చూస్తారు. కోడ్‌ను సరిగ్గా అక్షరాలా పాటించిన ఇంటితో పోలుస్తారు. గోడలు ఊహవే గానీ వాటిలోని ప్రతి అంకె ఒక నిజమైన ఇంట్లోంచి వచ్చింది.

ఇక్కడే ఒక ఆశ్చర్యం బయటపడింది. కొన్ని రాష్ట్రాల్లో సగటు ఇల్లు కోడ్ అడిగిన దానికన్నా తక్కువ ఇంధనమే వాడుతోంది. వేరే బృందమైతే అక్కడితో పుస్తకం మూసేసి, లక్ష్యం సాధించామని ప్రకటించేది. వీళ్లు సగటును నమ్ముకోలేదు. ఒక ఇంటి మంచి కిటికీ పక్కింటి కారే డక్టుకు పరిహారం కాదు. అందుకే ఏ అంశంలోనైనా 15 శాతం మించి పరిశీలనలు కోడ్‌కు తగ్గితే దాన్ని విడిగా తీసి, ఆ తగ్గినవాటిని మాత్రం కోడ్ స్థాయికి తెస్తే రాష్ట్రానికి ఎంత ఇంధనం, ఎన్ని డాలర్లు మిగులుతాయో లెక్కగట్టారు. శిక్షణ ఎక్కడ ఇవ్వాలో చెప్పే పట్టిక అలా తయారైంది.

ఆ పట్టికల్లో ఒక పోలిక స్పష్టంగా కనబడుతుంది. కిటికీలు దాదాపు అన్నిచోట్లా పాసయ్యాయి. గోడ దుప్పటి పెట్టిన తీరు, డక్టుల బిగువు, బల్బుల వంటివి చాలా రాష్ట్రాల్లో వెనకబడ్డాయి. కిటికీ గుణం ఫ్యాక్టరీలోనే తేలిపోతుంది, దాని మీద స్టిక్కరు ఉంటుంది. దుప్పటిని చీల్చడం, డక్టు కీలుకు మాస్టిక్ అనే జిగురు పూయడం మాత్రం కట్టే చోట పనివాడి చేతిలో ఉంటాయి. కోడ్ అమలు ఆగిపోతున్నది చాలావరకు ఆ చేతుల దగ్గరే అని కొలత చెప్పింది. అంటే మందు కొత్త చట్టం కాదు, ఆ చేతులకు నేర్పడం.

కెంటకీ రాష్ట్రం చేసింది నాకు అన్నిటికన్నా నచ్చింది. మిడ్‌వెస్ట్ ఎనర్జీ ఎఫిషియెన్సీ అలయన్స్ అనే సంస్థ అక్కడ అధ్యయనాన్ని నడిపింది. శిక్షణ దశలో వాళ్లు ఊరూరా తిరిగే ఒక నిపుణుడిని పెట్టుకున్నారు. అక్కడ వాళ్లను సర్క్యూట్ రైడర్ అంటారు. ఆయన పని కౌంటీ ఆఫీసులకు వెళ్లి ఇన్‌స్పెక్టర్లతో కూర్చోవడం, కట్టే ఇళ్ల దగ్గరకు వెళ్లి బిల్డర్లతో, మేస్త్రీలతో మాట్లాడటం, సందేహాలు తీర్చడం. ఆయన చేతిలో తమ రాష్ట్రం కొలతలే ఉన్నాయి కాబట్టి కోడ్ మొత్తం చదివి వినిపించక్కర్లేదు. ఎక్కడ తప్పుతోందో ఆ రెండు మూడు విషయాలే చెబితే చాలు. హోటల్ హాల్లో రోజంతా స్లైడ్లు చూపే శిక్షణకూ, తెరిచిన గోడ ముందు నిలబడి వైరు వెనక దుప్పటి ఎలా పెట్టాలో చూపే శిక్షణకూ ఉన్న తేడా పనిచేసేవాళ్లకు చెప్పనక్కర్లేదు.

తర్వాత మళ్లీ అదే పద్ధతిలో, వేరే ఇళ్లలో, అవే ఎనిమిది అంశాలు కొలిచారు. మళ్లీ కొలిచిన రాష్ట్రాల్లో చాలాచోట్ల చేజారుతున్న పొదుపు తగ్గింది. కెంటకీ వాటిలో ఒకటి. ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పుకోవాలి. అవే సంవత్సరాల్లో ఎల్‌ఈడీ బల్బుల ధరలు బాగా పడిపోయాయి. కాబట్టి బల్బుల్లో వచ్చిన మెరుగుదల అంతా శిక్షణ ఖాతాలో వేయలేం. డక్టు కీలు బిగువుకు మాత్రం బజారులో అలాంటి చౌక దారి లేదు. అది ఎవరో నేర్పితే, ఎవరో నేర్చుకుంటే వచ్చేదే.

మన దగ్గరకు వద్దాం. వాణిజ్య భవనాల కోసం కేంద్రం 2007లో ఇంధన సంరక్షణ భవన కోడ్‌ను (ఈసీబీసీ), ఇళ్ల కోసం 2018లో ఎకో నివాస్ సంహితను తెచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2014 జనవరిలోనే ఈసీబీసీని తన నిబంధనల్లో చేర్చుకుంది. ఆ ఏడాది జూన్ తర్వాత అది రెండు రాష్ట్రాల బాధ్యత అయింది. 2022 ఇంధన సంరక్షణ సవరణ చట్టంతో కోడ్ పరిధి పెద్ద నివాస భవనాలకూ విస్తరించింది. నిబంధనలు రాయడంలో మనమేమీ తక్కువ తినలేదు. ఒక్క ఉదాహరణ చెబుతాను. 2017 జాతీయ ఈసీబీసీ ప్రకారం మన వాతావరణంలో తూర్పు, దక్షిణం, పడమర అద్దాల్లోంచి ఎండ వేడిలో 27 శాతం మించి లోపలికి రాకూడదు. ఉత్తరం అద్దానికి 50 శాతం దాకా సడలింపు ఉంది, కానీ 15 డిగ్రీల అక్షాంశానికి ఎగువన మాత్రమే. అంటే ఒంగోలు ఆఫీసుకు ఉన్న ఆ సడలింపు నెల్లూరు ఆఫీసుకు లేదు. దక్షిణానికి వెళ్లేకొద్దీ ఏడాదిలో ఎక్కువ రోజులు సూర్యుడు నడినెత్తి దాటి ఉత్తరంవైపు వాలతాడు కాబట్టి అక్కడ ఉత్తరపు గోడ కూడా ఎండ పడే గోడే. ఎంత ఆలోచించి రాసిన నియమం ఇది!

అయితే 27 శాతం అద్దానికీ 50 శాతం అద్దానికీ బిగించాక చూపుకు తేడా తెలియదు. ఇక్కడా గోడ మూసేలోపే చూడాలి. మన గోడల్లో ఫైబర్ గ్లాస్ దుప్పట్లు ఉండవు, మన అంశాలు వేరు. అద్దం గుణం, పైకప్పు మీద ఇన్సులేషన్, వేడిని తిప్పికొట్టే పూత, గోడ బ్లాకు రకం, తెరుచుకునే కిటికీల విస్తీర్ణం, ఏసీల సామర్థ్యం. ఎకో నివాస్ సంహిత ప్రకారం తెరుచుకునే భాగం హైదరాబాద్ ఇంట్లో గచ్చు వైశాల్యానికి కనీసం 12.5 శాతం, ఉక్కపోసే విజయవాడ ఇంట్లో 16.66 శాతం ఉండాలి. టేపు పట్టుకుని పది నిమిషాల్లో కొలవగల విషయమిది.

ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర ఇంధన సంరక్షణ మిషన్, తెలంగాణలో టీజీరెడ్‌కో ఈ బాధ్యత చూసే సంస్థలు. వాటికి నా విన్నపం ఇది. మన ఇంజినీరింగ్, ఆర్కిటెక్చర్ కళాశాలల విద్యార్థులను తోడు తీసుకోండి. మనకు సరిపోయే ఆరేడు అంశాలు ఎంచుకోండి. ఎన్ని భవనాలు చూడాలో గణాంక శాస్త్రజ్ఞులతో లెక్క కట్టించండి. పేర్లు రాయకండి, నోటీసులు ఇవ్వకండి, మొదట ఉన్నది ఉన్నట్టు కొలవండి. ఆ కొలత చూపిన చోట మేస్త్రీలకు, ఇంజినీర్లకు, మున్సిపల్ సిబ్బందికి కట్టే చోటే నేర్పండి. రెండేళ్ల తర్వాత మళ్లీ కొలిచి, రెండు అంకెలూ ప్రజల ముందు పెట్టండి. ఇల్లో, ఆఫీసో కొనేవాళ్లు కూడా ఒక పని చేయాలి. అద్దం బిగించక ముందు దాని ఎస్‌హెచ్‌జీసీ, అంటే ఎండ వేడిలో లోపలికి వచ్చే వాటా, ఎంతో చెప్పే కంపెనీ కాగితం అడిగి తీసుకోండి. స్లాబు మీద ఇన్సులేషన్ పరిచిన రోజు, టైల్సు వేయకముందు వెళ్లి చూసి రండి. తర్వాత ముప్పై ఏళ్లు బిల్లు కట్టేది మీరే.